మీ ఊళ్లో చలి ఎంత?

జనవరిలో ఏ ఆదివారం పొద్దున్నో గుంటూరులో ఒక తల్లికి అమెరికాలోని మినియాపోలిస్ నుంచి కొడుకు ఫోన్ చేస్తాడు. "ఇవాళ కాస్త నయమమ్మా, ఇరవై డిగ్రీలు" అంటాడు. ఆమె లెక్కలో ఇరవై అంటే తెల్లవారుజామున శాలువా కప్పుకుంటే తీరిపోయే చలి. "మాకూ అంతేరా, పద్దెనిమిది. తాతయ్య మంకీ క్యాప్ తియ్యడం లేదు" అంటుంది. కొడుకు చెప్పింది ఫారెన్‌హీట్ లెక్క. మన లెక్కలోకి మారిస్తే అది సున్నాకు దాదాపు ఏడు డిగ్రీలు కింద. సంగతి తెలిశాక తల్లి గాభరా పడుతుంది, కొడుకు నవ్వుతాడు, వెనకనుంచి తండ్రి ఫోన్ అందుకుని దివిసీమ ఉప్పెన నాటి గాలి గురించి మొదలుపెడతాడు. మైనస్ నలభై దగ్గర సెల్సియస్, ఫారెన్‌హీట్ రెండూ ఒకే అంకె చూపిస్తాయి. అక్కడిదాకా దిగితే తప్ప ఆ తల్లీకొడుకుల లెక్క కలవదు.

తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా ఈ ముచ్చట తప్పదు. పల్నాడు మనిషి రెంటచింతల ఎండ గురించి చెబుతాడు. కోనసీమ మనిషి 1996 నవంబరు తుపానుకు కొబ్బరితోటలు ఎలా నేలకొరిగాయో చెబుతాడు. కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉద్యోగం చేసే అమ్మాయి, రాత్రి కారును కరెంటు ప్లగ్గుకు తగిలించకపోతే తెల్లారి ఇంజిన్ కదలదని చెబితే అందరూ నోళ్లు తెరుచుకుని వింటారు. కాసేపటికి మాట పోటీలోకి దిగుతుంది. మీదీ ఒక చలేనా, మీదీ ఒక ఎండేనా అనేదాకా వెళుతుంది. గెలిచినవాళ్లు గెలుస్తారు, కాఫీలు అయిపోతాయి, అసలు వినవలసిన సగం మిగిలిపోతుంది. ఎంత చలి అన్నది ఆ ముచ్చటలో మొదటి సగం. ఆ చలిలో ఎలా బతుకుతున్నారు, ఎవరు బతకలేకపోయారు అన్నది రెండో సగం. ఆ రెండో సగాన్ని శ్రద్ధగా విన్న ఊళ్లు ప్రాణాలు నిలుపుకున్నాయి. చెవిన పెట్టని ఊళ్లు పోగొట్టుకున్నాయి.

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగిని ఇప్పుడు ఆంధ్రా కశ్మీర్ అంటున్నారు. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని తెల్లవారుజాములు సున్నా దగ్గరికి దిగుతాయి, గడ్డిమీద మంచు పేరుకుంటుంది. ఆ ఊరికి కొర్రబయలు అని మరో పేరు ఉంది. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని దానికి స్థానికులు చెప్పే అర్థం. థర్మామీటరు ఆ కొండ ఎక్కకముందే ఎవరో పెద్దవాళ్లు ఊరి పేరులోనే హెచ్చరిక కట్టి పెట్టారు. శని, ఆదివారాల్లో కార్లేసుకుని వచ్చే పర్యాటకులకు ఆ చలి ఒక సరదా. చలిమంట దగ్గర ఫొటో దిగి మధ్యాహ్నానికి విశాఖ దారి పడతారు. అక్కడే ఉండిపోయే గిరిజన కుటుంబానికి అది రెండు నెలల పాటు రాత్రంతా కాచుకోవలసిన నెగడు, ముసలివాళ్ల దగ్గు, పసిపిల్లల ఆయాసం. ఒకే కొండమీద ఒకే తెల్లవారుజాము రెండు కథలు నడుస్తున్నాయి. పత్రికల్లోకి మొదటిదే ఎక్కువగా వస్తోంది.

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా చలి కూడా ఇలాంటిదే. ఏటా చలికాలం వార్తల్లో తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రత అన్న మాట పక్కన ఎక్కువగా కనిపించేది ఆ అడవి పల్లెల పేర్లే. అంత చలిలోనే పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది. దానికి ముందు గోదావరి నీళ్లు తేవడానికి మెస్రం వంశస్థులు రోజుల తరబడి కాలినడకన వెళ్లివస్తారు, దారిలో చెట్ల కింద బస చేస్తారు. ఇక చలికి తెలంగాణ పల్లె కనిపెట్టిన జవాబు గొంగడి. దక్కనీ నల్ల గొర్రెల ఉన్నిని వడికి కురుమలు నేసే ఆ గొంగడి చలినీ ఆపుతుంది, వాననూ ఆపుతుంది, పరుచుకుంటే పడక అవుతుంది. మాంసం గిరాకీ పెరిగి, ఉన్ని లేని జాతి గొర్రెలు మందల్లో నిండాక గొంగడి నేసేవాళ్లు తగ్గిపోయారు. చలి అక్కడే ఉంది. దానికి తరతరాలు చెప్పుకున్న జవాబు మాత్రం కరిగిపోతోంది.

ఒకే అంకె అన్ని ఊళ్లకూ ఒకటి కాదని ప్రభుత్వ లెక్కలూ ఒప్పుకుంటాయి. భారత వాతావరణ శాఖ వడగాలులను గుర్తించడం మైదానాల్లో 40 డిగ్రీల దగ్గర మొదలుపెడితే, తీరంలో 37 దగ్గర, కొండల్లో 30 దగ్గర మొదలుపెడుతుంది. చలిగాలులకైతే మైదానాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు, కొండల్లో సున్నాకు పడాలి. తీరంలో 15 చాలు. దానికి తోడు ఆ ఊరికి ఆ రోజుల్లో ఉండవలసిన ఉష్ణోగ్రత కంటే ఎంత తేడా వచ్చిందన్నదీ చూస్తారు. అంటే కాకినాడవాడు పద్నాలుగు డిగ్రీలకు వణికితే అది నాజూకుతనం కాదు. ఒంటికి అలవాటు లేదు, ఇంటికి ఏర్పాటు లేదు, బీరువాలో స్వెటరు లేదు.

భాషలోనూ ఇది కనిపిస్తుంది. ఎండలు మండే నేల కాబట్టి తెలుగువాడికి చల్లదనం దీవెన. చల్లగా ఉండమని ఆశీర్వదిస్తారు, మంచివాడిని చల్లని మనసు గలవాడంటారు, వేసవిలో బాటసారికి నీళ్లిచ్చే పందిరికి చలివేంద్రమని పేరు పెట్టారు. ఇంగ్లండులాంటి చలిదేశాలవాళ్లు ఆప్యాయతను వెచ్చదనంతో చెప్పుకుంటారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని, శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్లు క్యాలెండరును సామెతల్లో దాచుకున్నారు. కశ్మీరీలు చలికే పంచాంగం రాసుకున్నారు. డిసెంబరు 21న మొదలయ్యే నలభై రోజుల కరకు చలి చిల్లై కలాన్, తర్వాతి ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, చివరి పది రోజుల చంటి చలి చిల్లై బచ్చా. ఆ డెబ్బై రోజుల కోసం వేసవిలోనే సొరకాయలు, వంకాయలు, టమాటాలు కోసి ఎండబెట్టుకుంటారు. ఫెరన్ అనే పొడవాటి అంగీ లోపల కాంగ్డీ అనే నిప్పుల కుంపటి పట్టుకుని తిరుగుతారు. పేరు పెట్టుకున్న చలికి ముందుగా సిద్ధం కావడం సులువు.

ఈ సిద్ధపాటు ఎంత పని చేస్తుందో చూడాలంటే సైబీరియా వెళ్లాలి. అక్కడి ఒయ్మ్యకోన్‌లో 1933 ఫిబ్రవరిలో మైనస్ 67.7 డిగ్రీలు నమోదైంది. దానికన్నా పెద్ద ఊరు యాకుట్స్క్‌లో జనవరి సగటే మైనస్ నలభై దరిదాపుల్లో ఉంటుంది. బజారులో చేపలు కట్టెల్లా నిలబడి ఉంటాయి, ఫ్రిజ్ అక్కర్లేదు. నేల అడుగు ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉంటుంది కాబట్టి, ఇంటి వేడికి అది కరిగి గోడలు కుంగకుండా భవనాలను స్తంభాల మీద కడతారు. ఇంత చలిలో జనం ఎలా ఉన్నారని లండన్ పరిశోధకులు వెళ్లి లెక్క తీసి 1998లో ప్రచురించారు. ఉష్ణోగ్రత మైనస్ 48 దాకా పడినా అక్కడి పెద్దవయసువారిలో మరణాలు పెరగలేదు. కారణం ఏ మంత్రమూ కాదు. బొచ్చు కోట్లు, పొరల మీద పొరల బట్టలు, వెచ్చగా ఉండే ఇళ్లు, అవసరం లేకపోతే గడప దాటకపోవడం.

అటు ఐరోపాలో 1988 నుంచి 1997 వరకు శీతాకాలపు అదనపు మరణాలను పోల్చిన మరో అధ్యయనంలో అన్నిటికన్నా ఎక్కువ శాతం తేలింది పోర్చుగల్‌లో. ఎండకోసం పర్యాటకులు వెళ్లే దేశం అది. అక్కడ 28 శాతం ఉంటే, గడ్డకట్టే ఫిన్లాండ్‌లో 10 శాతమే. పోర్చుగల్‌లో చాలా ఇళ్లకు చలి ఆపే గోడలు లేవు, సరైన వేడిచేసే ఏర్పాటు లేదు. కాబట్టి మినియాపోలిస్‌లో మైనస్ ముప్పై గొప్పదా, హైదరాబాద్‌లో పన్నెండు గొప్పదా అని వాదించుకోవడంలో అర్థం లేదు. మినియాపోలిస్ నడిబొడ్డున భవనాల మధ్య గాజు వంతెనలు మైళ్ల పొడవున అల్లుకుని ఉంటాయి. ఉద్యోగి చొక్కాతోనే ఆఫీసు నుంచి హోటలుకు వెళ్లి భోంచేసి రావచ్చు. హైదరాబాద్‌లో కట్టుబడి పనికొచ్చిన కూలీ, సగం లేచిన అపార్ట్‌మెంటు పక్కన నీలిరంగు పట్టా కింద సిమెంటు సంచి పరుచుకుని పడుకుంటాడు. ఆ రాత్రి ఎక్కువ చలి ఎవరికి?

చలిదేశాలను ఎండ పట్టుకున్నప్పుడు ఇదే కథ తిరగబడింది. కెనడాలోని లిట్టన్ అనే చిన్న ఊళ్లో 2021 జూన్ 29న 49.6 డిగ్రీలు కాసింది. మర్నాడు అగ్గి రాజుకుని ఊరు చాలావరకు బూడిదైంది. ఆ వారం బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఎండకు 619 మంది చనిపోయారు. వారిలో దాదాపు అందరూ ఇంట్లోనే, నాలుగు గోడల మధ్యే పోయారు. వేడిని పట్టి ఉంచడానికి కట్టిన ఇళ్లు అవి. చాలావాటిలో ఏసీ మాట అటుంచి ఫ్యాను కూడా లేదు. వృద్ధులు, ఒంటరివాళ్లు ఎక్కువ. షికాగోలో 1995 జులైలో వచ్చిన వడగాలులకు 739 మంది బలయ్యారు. ఎరిక్ క్లినెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త దానిమీద పుస్తకం రాశారు. పక్కపక్కనే ఉన్న, రెండూ పేదవే అయిన రెండు పేటలను ఆయన పోల్చి చూశారు. జనం రోడ్డుమీద తిరుగుతూ, అంగళ్ల దగ్గర నిలబడి మాట్లాడుకునే పేటలో మరణాల రేటు, తలుపులు వేసుకుని బతికే పేటలో కంటే దాదాపు పదోవంతే ఉంది. పక్కింటి ముసలాయన రెండు రోజులుగా కనబడలేదన్న మాట చెప్పుకునే మనుషులు ఉండడమే అక్కడ రక్షణ.

ఇక టెక్సస్. తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఇళ్లు కొనుక్కున్న డాలస్ చుట్టుపక్కల ఊళ్లకు ఆ 2021 ఫిబ్రవరి వారం ఇప్పటికీ కళ్లముందే ఉంటుంది. మనవాళ్లు చాలామంది ఆ రాష్ట్రాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం అక్కడి వాతావరణం మన ఊరికి దగ్గరగా ఉంటుందనే. ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో మైనస్ 19 డిగ్రీలు నమోదైంది. గ్యాస్ బావులు, పైపులు, విద్యుత్ కేంద్రాలు గడ్డకట్టాయి. 45 లక్షల ఇళ్లకు, వ్యాపారాలకు కరెంటు పోయింది. ఇంకో నాలుగున్నర నిమిషాలు ఆలస్యమైతే మొత్తం రాష్ట్రపు గ్రిడ్డే కూలిపోయి, వారాల తరబడి చీకటి ఉండేదని తర్వాత అధికారులే చెప్పారు. గోడల్లో నీళ్ల పైపులు పగిలి పైకప్పులు ఊడిపడ్డాయి. మంచు కరిగించి మరుగుదొడ్లలో పోసుకున్నారు. వేడి కోసం ఇంట్లో బొగ్గుల పొయ్యి వెలిగించినవాళ్లు, గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి కూర్చున్నవాళ్లు విషవాయువుకు చనిపోయారు. రాష్ట్ర ఆరోగ్యశాఖ చివరికి తేల్చిన మరణాల లెక్క 246.

ఇది ఎవరూ ఊహించని విపత్తు కాదు. సరిగ్గా పదేళ్ల ముందు, 2011 ఫిబ్రవరిలో అదే టెక్సస్‌లో చలికి విద్యుత్ కేంద్రాలు ఆగిపోయాయి. పరికరాలకు చలి తట్టుకునే తొడుగులు వేయాలని అమెరికా కేంద్ర సంస్థలు విచారణ జరిపి నివేదిక ఇచ్చాయి. దాన్ని తప్పనిసరి చేయలేదు. ఖర్చు దండగనుకున్నారు. కానీ ఆ రాష్ట్రపు పడమటి కొసన ఉన్న ఎల్ పాసో పట్టణం 2011 దెబ్బను గుర్తు పెట్టుకుంది. అక్కడి విద్యుత్ సంస్థ తన కేంద్రాలను చలికి సిద్ధం చేసుకుంది. పైగా అది టెక్సస్ ఒంటరి గ్రిడ్డులో కాక, పొరుగు రాష్ట్రాలతో కలిసిన గ్రిడ్డులో ఉంది. 2021లో మిగతా రాష్ట్రం వణుకుతుంటే ఎల్ పాసోలో చాలావరకు దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. అదే సమయంలో ఉత్తరాది రాష్ట్రాలవాళ్లు కొందరు, ఈ మాత్రం మంచు మాకు రోజూ ఉండేదే అని టెక్సస్‌వాళ్లను ఎగతాళి చేశారు. మాటల పోటీలోని క్రూరత్వం అదే. పక్కవాడు ఎందుకు చస్తున్నాడో అడిగే తీరిక దానికి ఉండదు.

తెలుగు నేలమీద దీనికి ఎదురు ఉదాహరణ ఉంది, దాన్ని గర్వంగా చెప్పుకోవచ్చు. 1977 నవంబరు 19న వచ్చిన తుపానుకు సముద్రం తాటిచెట్ల ఎత్తున లేచి దివిసీమ మీద పడింది. అధికారిక లెక్కల్లోనే మృతులు పదివేల దాకా ఉన్నారు. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. చెట్టుకొమ్మలు, ముళ్లపొదలు పట్టుకుని వేలాడినవాళ్లు తెల్లవారాక దిగి తమవాళ్లను వెతుక్కున్నారు. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి వీధుల్లో విరాళాలు అడిగారు. ఆ రాత్రి కథ కృష్ణా డెల్టాలో ప్రతి ఇంటికీ పాకింది. ప్రభుత్వమూ విన్నది. తర్వాతి ఏళ్లలో తీరం వెంట తుపాను రక్షణ భవనాలు లేచాయి, సరుగుడు తోటలు పెరిగాయి, హెచ్చరికలు పల్లెలకు చేరే ఏర్పాట్లు జరిగాయి. 1990 మే 9న దాదాపు అంతే బలమైన తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి లక్షల మందిని ముందే తరలించారు. మృతులు వెయ్యిలోపు. అదీ చిన్న సంఖ్య కాదు. కానీ 1977 నాటి సంఖ్యతో పోల్చి చూస్తే ఎన్ని వేల మంది ఇళ్లకు తిరిగివెళ్లారో అర్థమవుతుంది. బండి కట్టమనగానే ఆ జనం ఎందుకు కదిలారు? నీళ్లు ఎలా వస్తాయో ఇంట్లో అప్పటికి వందసార్లు విని ఉన్నారు కాబట్టి.

హైదరాబాద్‌లో ఆ జ్ఞాపకాన్ని ఒక చింతచెట్టు మోస్తోంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఆ చెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. రుబాయీలకు పేరుపడ్డ ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకున్నారు. ఆ దుఃఖం నుంచే నగరం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిచింది. ఆయన ఆలోచనల నుంచి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. చెట్టు ఇప్పటికీ ఉంది. కానీ మూసీ ఒడ్డున, చెరువుల శిఖం భూముల్లో ఇల్లు కొనేవాడికి ఆ కథ ఎవరూ చెప్పడం లేదు. 2020 అక్టోబరు వానలకు మునిగిన కాలనీలు చాలావరకు నీళ్లు పూర్వం నడిచిన దారిలోనే ఉన్నాయి.

ఎండకూ ఇంతే. 2015 మే నెల వడగాలులకు దేశంలో రెండువేల మందికి పైగా చనిపోతే వారిలో అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లే. రోజుకూలీలు, ముసలివాళ్లు, గూడు లేనివాళ్లు. ఎండలు మాకు కొత్తా అన్న ధీమా వాళ్లను కాపాడలేదు.

గూడు లేనివాళ్ల మాట వచ్చింది కాబట్టి సూటిగా చెప్పాలి. పెద్ద నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు వందమంది పట్టే రాత్రి బస ఒకటి ఏడాది పొడుగునా నడపాలని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. రైల్వే స్టేషన్ల ముందు, పెద్దాసుపత్రుల గేట్ల బయట, ఫ్లైఓవర్ల కింద డిసెంబరు రాత్రి ఒక్కసారి నడిచి చూస్తే ఆ ఆదేశం ఎంత అమలైందో ఎవరికైనా తెలుస్తుంది. ఆసుపత్రిలో బంధువును చేర్చి, బయట గచ్చుమీద చెంగు కప్పుకుని కూర్చున్న మనిషి చలి కథను ఎవరూ ఫోన్ చేసి అడగరు. నగరపాలక సంస్థలు దుప్పట్లు పంచి ఫొటోలు దిగడం ఆపి, ఆ గేట్ల పక్కనే పైకప్పూ మంచాలూ ఉన్న బసలు తెరవాలి. అది దయ కాదు, కోర్టు చెప్పిన పని.

మిగతాది పాఠకుల చేతిలో ఉంది. ఈ సంక్రాంతికి ఊరెళ్లినవాళ్లు భోగిమంట దగ్గర మీ ఊరి చలి గొప్పదా మా ఊరి చలి గొప్పదా అన్న పందెం కాసేపు పక్కన పెట్టండి. 1977లో పదేళ్ల పిల్లలు ఇప్పుడు అరవై దగ్గరికి వచ్చారు. నాడు ఇంటిపెద్దలుగా ఉన్నవాళ్లు చాలామంది వెళ్లిపోయారు. ఉన్నవాళ్లను కూర్చోబెట్టి అడగండి. నీళ్లు ఏ దిక్కునుంచి వచ్చాయి? ఎంతసేపటికి వచ్చాయి? ఏ గట్టు తెగింది, ఏ మిద్దె నిలబడింది? చలికి, ఎండకు ఇంట్లో ఎవరు పోయారు, అప్పుడు ఏమి ఉంటే బతికేవారు? మినియాపోలిస్‌లో ఉన్న కొడుకునూ అడగండి, కరెంటు పోతే ఆ ఇంట్లో ఏం చేస్తావని. ఫోన్లో రికార్డు చేయండి, కాగితం మీద రాయండి, ఒక ప్రతి ఊరి బడిలో ఇచ్చిరండి.